మడమ వెనక తాడు

స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం



నేను ఈ బడిలో 1985లో పదో తరగతి పూర్తి చేశాను. 1984 నవంబరు తుపాను రాత్రి ఇదిగో ఈ పాత గదుల్లో తలదాచుకున్న బ్యాచ్ మాది. తర్వాత మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ముప్పై ఏళ్లకు పైగా ఓడరేవుల్లో క్రేన్ల పని చూస్తున్నాను. ఏదైనా సైన్సు విషయం మీద మాట్లాడమని సంఘం వాళ్లు అడిగినప్పుడు క్రేన్ల గురించి చెబుతాననుకొని ఉంటారు. నేను మాత్రం మన ఒంట్లోని తంతువుల గురించి చెబుతాను. సంయోజక కణజాలం అనే పాఠంలో నాకు తొమ్మిదో తరగతిలో ఇరవై అయిదుకు ఏడు మార్కులొచ్చాయి. ఆ బాకీ తీర్చుకోవడానికి ఇంతకంటే మంచి రోజు దొరకదు. ఆ ఏడు మార్కులు వేసిన మాస్టారు ఇక్కడే ఉన్నారు. తప్పు చెబితే నిలబెట్టి అడుగుతారని తెలిసే మాట్లాడుతున్నాను.

ఆ పాఠం చెప్పిన రోజు మాస్టారు ఒక సంచితో వచ్చారు. బల్ల మీద మూడు వస్తువులు పెట్టారు. ఒకటి మూరెడు మోకు. రెండోది సైకిల్ ట్యూబు కోసిన ముక్క. మూడోది చిరిగిన వల. "చూడబ్బయా, నీ చర్మం కింద, కండల చుట్టూ, ఎముకల మధ్య ఉండేవి ఈ మూడే. మోకు కొల్లాజన్. ట్యూబు స్థితిస్థాపక తంతువు. వల జాలక తంతువు. మోకు సాగదు, తెగదు. ట్యూబు సాగి మళ్లీ మొదటికి వస్తుంది. వల పట్టి ఉంచుతుంది" అన్నారు. పరీక్షలో నేను ఆ మూడు బొమ్మలూ వేశాను గానీ పేర్లు తారుమారు చేశాను. అందుకే ఏడు.

మూడేళ్ల కిందట సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు ఈ గ్రౌండులోనే మా బ్యాచ్ వాళ్లం వాలీబాల్ ఆడాం. అప్పటికి నాకు యాభై దాటి మూడేళ్లు. నెట్ దగ్గర బంతికి ఎగరబోతుండగా కుడికాలి మడమ వెనక ఎవరో గట్టిగా తన్నినట్టయింది. చప్పుడు కూడా వినపడింది. "ఎవుర్రా అది" అని వెనక్కి తిరిగి అరిచాను. వెనక ఎవరూ లేరు. ఆ రోజు నా చేత తిట్లు తిన్న మిత్రుడు ఇక్కడే ఉన్నాడు, క్షమించాలి.

డాక్టరు నన్ను బోర్లా పడుకోబెట్టి పిక్కను పిండి చూశారు. ఎడమ పిక్క పిండితే పాదం కదిలింది. కుడి పిక్క పిండితే కదల్లేదు. క్రేన్ మోటారు తిరుగుతూ, కొక్కెం మాత్రం లేవకపోతే మేమేం అనుకుంటామో ఆయనా అదే అనుకున్నారు. మధ్యలో తాడు తెగింది. పిక్క కండను మడమ ఎముకకు కట్టే తాడు అది. దాన్ని అకిలిస్ టెండాన్ అంటారు. మన మనుషులకు మాత్రం అది "నరం". రక్తం పారేదీ మనకు నరమే, స్పర్శను మోసేదీ నరమే, కండను ఎముకకు కట్టేదీ నరమే. మా పెద్దమ్మ ఆసుపత్రికి వచ్చి "నరం తెగితే కాలు చచ్చుబడదా?" అని ఏడ్చింది. ఆమెకు నచ్చజెప్పడానికి నాకు ఆ మోకూ ట్యూబూ వలా గుర్తుకొచ్చాయి. అలా నలభై ఏళ్ల తర్వాత ఆ పాఠం మళ్లీ మొదలైంది.

మీలో చాలామంది తెప్ప చూసే ఉంటారు. ఇప్పుడు ఫైబర్ పడవలు, ఇంజన్లు వచ్చాక ఇసకపల్లి, జువ్వలదిన్నె వైపు తెప్పలు తగ్గాయి గానీ, మా చిన్నప్పుడు ఒడ్డు నిండా అవే. తెప్పకు మేకు ఉండదు. దుంగల్ని తాళ్లతో కడతారు. అల కిందికి వస్తే దుంగలు కొంచెం కదులుతాయి, తాళ్లు పట్టి ఉంచుతాయి. మేకులు కొట్టి బిగిస్తే నాలుగు అలలకే చీలిపోతుంది. మన ఒళ్లూ అలాంటి కట్టుడే. రెండు వందలకు పైగా ఎముకల్ని, వాటి మీది కండల్ని కట్టి ఉంచే తాళ్లలో ప్రధానమైనది కొల్లాజన్. ఒంట్లోని ప్రొటీన్లన్నిటిలో దాదాపు మూడో వంతు ఇదే. చర్మం, ఎముక, టెండాన్, కీళ్ల బంధనాలు, కంటి నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, అన్నిటిలో ఉంటుంది. ఇప్పటికి దీనిలో ఇరవై ఎనిమిది రకాలు గుర్తించారు. ఎక్కువగా ఉండేది ఒకటో రకం.

ఇక్కడ నా వృత్తి మాట ఒకటి చెప్పాలి. మోకు పేనేవాళ్లను గమనించారా? పీచును ముందు ఒక వైపుకు మెలిపెడతారు. అలా మెలిపెట్టిన పోగుల్ని కలిపి, రెండోసారి ఎదురు దిశలో పేనుతారు. ఒక మెలిక విడిపోవాలని చూస్తే రెండోది బిగుస్తుంది. క్రేన్‌కు వాడే ఉక్కు తాడూ అంతే. తీగలు ఒక వైపు, తీగల కట్టలు రెండో వైపు. ఇది మనిషి తెలివి అనుకున్నాను నేను. కొల్లాజన్ అణువులో మూడు గొలుసులు ఉంటాయి. ఒక్కో గొలుసు ఎడమ వైపుకు మెలి తిరిగి ఉంటుంది. మూడూ కలిసి కుడి వైపుకు పేనుకుంటాయి. తాడు పొడవు 300 నానోమీటర్లు, మందం ఒకటిన్నర నానోమీటర్లు. పుస్తకంలో ఆ బొమ్మ చూసిన రోజు ఆసుపత్రి మంచం మీద ఒక్కడినే నవ్వుకున్నాను.

ఈ మూడు పేటల సంగతి మొదట బయటపెట్టింది ఎక్కడో కాదు, మనం రైలెక్కితే మూడు గంటల్లో చేరే మద్రాసులో. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగానికి వచ్చిన జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తాతో కలిసి 1954లో 'నేచర్' పత్రికలో కొల్లాజన్ మూడు పేటల నిర్మాణాన్ని ప్రకటించారు. మరుసటి ఏడు దాన్ని సరిదిద్ది, మూడు పేటలూ ఒకదాని చుట్టూ ఒకటి పేనుకుని ఉంటాయని చూపించారు. వాళ్లు ఎక్స్‌కిరణాలతో పరీక్షించిన నమూనాల్లో సొరచేప రెక్క, కంగారూ తోకలోని టెండాన్ ఉన్నాయి. గిండీలో వాళ్ల విభాగం పక్కనే కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉంది. తోలంటే కొల్లాజన్ కదా, కాబట్టి ఆ ఇరుగుపొరుగు బాగా కలిసొచ్చింది. ఆ తోలు సంస్థకు 1958లో డైరెక్టరైనవారు మన తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు. ఆయనా, రామచంద్రనూ 1922లోనే పుట్టారు. నాయుడమ్మ గారు 1985 జూన్‌లో కనిష్క విమాన ప్రమాదంలో పోయారు. మేం పదో తరగతి ఫలితాలు చూసుకుని కాలేజీ దరఖాస్తులు నింపుతున్న రోజులవి.

చర్మం కుళ్లిపోతుంది, తోలు కుళ్లదు. ఎందుకు? పచ్చి చర్మంలోని కొల్లాజన్ పోగుల మధ్యకు తంగేడు బెరడు రసమో, క్రోమియం లవణమో చొరబడి పోగును పోగుకు కట్టేస్తుంది. అప్పుడిక సూక్ష్మజీవులకు కొరుకుడు పడదు. మాదిగపల్లెల్లో తరతరాలుగా తంగేడు బెరడుతో చేసిన పని ఇదే. రసాయనం పేరు తెలియకపోయినా పని తెలుసు. వాళ్ల చేతిపనికి బడి పుస్తకంలో ఒక్క వాక్యం కూడా లేకపోవడం నాకు ఇప్పటికీ కొరతగానే అనిపిస్తుంది.

గొలుసులో ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాలి. అది అన్నిటికన్నా చిన్నది, పేనిన తాడు నడుమ ఉన్న ఇరుకులో అదొక్కటే పడుతుంది. అక్కడ ఒక్కచోట పెద్దది వచ్చి కూర్చుంటే చాలు, పుట్టుకతోనే ఎముకలు పెళుసుగా ఉండే జబ్బు రావచ్చు. ఇక ప్రోలిన్ అనే మరో అమైనో ఆమ్లానికి ఆక్సిజన్, హైడ్రోజన్ జంటను తగిలిస్తే గానీ తాడు బిగువుగా నిలవదు. ఆ తగిలించే ఎంజైముకు విటమిన్ సి కావాలి. పూర్వం నెలల తరబడి సముద్రం మీద ఉన్న నావికులకు చిగుళ్లు కారి, ఎప్పుడో మానిన గాయాలు మళ్లీ తెరుచుకునేవి. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు నారింజలు, నిమ్మకాయలు తినిపించి చూశాడు. తిన్నవాళ్లు లేచి తిరిగారు. గూడూరు నిమ్మకాయలు దేశమంతా లారీల్లో వెళ్తుంటాయి. పిల్లలూ, మీ పళ్లెంలోకి కూడా ఒక ముక్క రానివ్వండి.

కొల్లాజన్‌ను వంటింట్లో కూడా చూడొచ్చు. మేక కాళ్లు గంటల తరబడి ఉడికిస్తే గానీ దారికి రావు. చేపల పులుసు పావుగంటలో దించేస్తారు, ఆలస్యమైతే ముక్క విడిపోతుంది. చేపలో ఆ కట్టుతాళ్లు తక్కువ. ఉన్నవాటిలో కూడా నేను చెప్పిన ఆ మార్పు పొందిన ప్రోలిన్ తక్కువ. అందుకని తక్కువ వేడికే పేటలు విడిపోతాయి. విడిపోయిన కొల్లాజన్‌నే జెలటిన్ అంటాం. రాత్రి చేసిన పులుసు తెల్లారేసరికి గడ్డకట్టినట్టు చిక్కబడటం అందుకే. నెల్లూరువాళ్లకు మర్నాటి పులుసు రుచి గురించి నేను చెప్పాల్సిన పనిలేదు.

తాడు తాడులా ఉండాలి. అది కర్రయిపోతే ఏమవుతుందో కూడా మన దేశంలో మొదట రాసిపెట్టింది మన జిల్లాలోనే. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లా మెట్ట గ్రామాల్లో ఒక జబ్బును వివరించారు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. వెన్నెముక బంధనాల్లో సున్నం పేరుకుని అవి ఎముకలా గట్టిపడతాయి. మనిషి వంగలేడు, తల తిప్పలేడు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లాలోకి వెళ్లాయి గానీ ఆ చరిత్ర మొదట మనదే.

ఇక మాస్టారి ట్యూబు ముక్క. స్థితిస్థాపక తంతువులు సన్నగా, కొమ్మలు కొమ్మలుగా ఉంటాయి. ఉన్న పొడవుకు ఒకటిన్నర రెట్లు సాగి మళ్లీ యథాస్థానానికి వస్తాయి. ఒంగోలు గిత్తను చూడండి. అంత బరువైన తలను రోజంతా కండతో మోయాలంటే అలసిపోదా? మెడ మీదుగా వెళ్లే బంధనంలో అధిక భాగం ఈ సాగే తంతువే. తల దించితే సాగుతుంది, ఎత్తేటప్పుడు సాయం పడుతుంది. అన్నట్టు, బ్రెజిల్‌లో ఆ జాతిని మన ఊరి పేరుతో 'నెలోర్' అంటారు. ఒంగోలువాళ్లకు ఈ మాట చెప్పకండి.

మన ఒంట్లో ఈ తంతువు ఊపిరితిత్తుల్లో, చర్మంలో, గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని గోడలో ఉంటుంది. గుండె కొట్టిన ప్రతిసారీ ధమని ఉబ్బుతుంది, మళ్లీ ముడుచుకుని రక్తాన్ని ముందుకు తోస్తుంది. ఈ తంతువును ఒళ్లు చిన్నతనంలోనే తయారుచేసుకుంటుంది. పెద్దయ్యాక కొత్తది చేసుకోవడం చాలా తక్కువ. ఏళ్ల తరబడి కొట్టుకుని అరిగాక బరువు మోకు మీద పడుతుంది, అంటే కొల్లాజన్ మీద. గోడ బిరుసెక్కుతుంది, బీపీలో పై అంకె పెరుగుతుంది. మా వయసువాళ్ల చేతిలో ఉన్న రిపోర్టుల్లో ఆ అంకె కనిపిస్తుంది. సిగరెట్ పొగ వల్ల ఊపిరితిత్తుల్లో ఈ తంతువును కొరికే ఎంజైములు పెరుగుతాయి. ఒకసారి తెగితే మళ్లీ మామూలు కాదు. నెట్ వెనక సరుగుడు తోపులోకి తరచూ మాయమయ్యే నా క్లాస్‌మేట్లు ఇద్దరు ముగ్గురికి ఈ వాక్యం అంకితం.

వల మిగిలింది. జాలక తంతువు కూడా నిజానికి కొల్లాజనే, మూడో రకం. చాలా సన్నం. మామూలు రంగుల్లో సూక్ష్మదర్శిని కింద కనపడదు. వెండి లవణాలతో రంగు వేస్తే నల్లటి గీతల్లా బయటపడుతుంది. కాలేయం, ప్లీహం, శోషరస కణుపులు, ఎముక మజ్జ లాంటి మెత్తని అవయవాల్లో కణాలు జారిపోకుండా ఈ వల పట్టి ఉంచుతుంది. రక్తమూ రసాలూ వల కన్నుల గుండా పారుతూనే ఉంటాయి.

నా కాలి విషయంలో ఈ వల ముఖ్యమైంది. తాడు తెగినచోట ఒళ్లు ముందుగా కట్టేది మోకు కాదు. హడావిడిగా మూడో రకం సన్నపోగుల్ని అడ్డదిడ్డంగా అల్లుతుంది. తర్వాత నెలల తరబడి వాటిని తీసేస్తూ ఒకటో రకం లావుపోగుల్ని, లాగుడు ఎటు పడుతుందో అటు వరసగా పేరుస్తుంది. అసలే లాగుడు లేకపోతే పోగులకు దిక్కు తెలియదు. ఎక్కువ లాగితే వల సాగిపోతుంది. కాబట్టి కొంచెం కొంచెంగా లాగాలి. ఫిజియోథెరపీ అంటే ఇదే.

నాకు పన్నెండు వారాలు బూటు తియ్యొద్దన్నారు. ఏడో వారంలో ఒక క్రేన్ ఆగిపోయిందని కబురొచ్చింది. నొప్పి లేదు కదా అని బూటు తీసేసి నిచ్చెనెక్కాను. రేవులో ఉక్కు తాడు చెడితే మేం ఒక షిఫ్టులో మార్చేస్తాం. మోయాల్సిన దానికి పాతిక శాతం ఎక్కువ బరువు వేలాడదీసి చూస్తాం. సంతకం పెట్టి అప్పజెబుతాం. నా మడమకూ అదే లెక్క వేశాను. తాడు తెగలేదు గానీ, పచ్చిగా ఉన్న వల సాగి పొడవైపోయింది. పొడుగైన తాడుతో పిక్క ఎంత ముడుచుకున్నా మడమ పూర్తిగా లేవదు. ఈ రోజుకీ కుడి మునివేళ్ల మీద ఒంటికాలితో నిలబడలేను. డాక్టరు సరిగ్గానే చెప్పారు. ముప్పై ఏళ్లు తాళ్లు చూసినవాడినన్న గర్వం నన్ను ముంచింది.

ఆ తీరిక రోజుల్లో చదివిన ఒక సంగతి కోసమే ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను. 1955 నుంచి 1963 దాకా అగ్రరాజ్యాలు గాలిలో అణుబాంబులు పేల్చి చూశాయి. దానివల్ల వాతావరణంలో కార్బన్-14 దాదాపు రెట్టింపైంది. 1963 ఒప్పందం తర్వాత ఏటేటా తగ్గుతూ వచ్చింది. గాలిలోది పంటలోకి, పంటలోది మనలోకి వస్తుంది. అంటే ఒంట్లో ఏ ముక్క ఏ సంవత్సరాల్లో తయారైందో దానిలోని కార్బన్ చెబుతుంది. డెన్మార్క్ పరిశోధకులు చనిపోయిన వ్యక్తుల అకిలిస్ టెండాన్లను ఇలా పరీక్షించి 2013లో ఫలితం ప్రకటించారు. టెండాన్ నడిమి భాగం మనిషికి పదిహేడేళ్లు వచ్చేలోపు తయారైందే. ఆ తర్వాత దాదాపు మారదు. కండ మారుతుంది, చర్మం మారుతుంది, మడమ తాడు మాత్రం అదే.

నేను ఆ పేజీ మూసి లెక్క వేసుకున్నాను. నేను పుట్టింది 1970లో. పదిహేడు నిండింది 1987లో. నడవడానికి, క్రేన్లెక్కడానికి, పెళ్లిలో ఏడడుగులు వేయడానికి నేను వాడిన తాడు చాలావరకు ఈ ఇసుకలో పరిగెత్తిన రోజుల్లో పేనింది. అమ్మ పెట్టిన చద్దన్నం, ఎండుచేపల పులుసు, దారిలో కోసుకు తిన్న రేగుపళ్లు, అదీ దాని ముడిసరుకు. ఎదిగే వయసులో ఎగిరిన గెంతులు ఎముక బలానికి లెక్కలోకి వస్తాయని కూడా వైద్యులు చెబుతారు.

సంఘం కార్యవర్గం ముందున్న ప్రతిపాదన మీ అందరికీ తెలుసు. స్వర్ణోత్సవ నిధితో గ్రౌండులో తూర్పు సగం తీసుకుని సభాభవనం కట్టాలని. కట్టాలన్నవాళ్లు నా మిత్రులే, వాళ్ల ఉద్దేశం మంచిదే. వానొస్తే ఈ షామియానా ఏమవుతుందో నాకూ తెలుసు. ఈ ఉదయం నేను తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లల్ని అడిగాను. పదో తరగతికి ఆటల పీరియడ్ లేదట, స్పెషల్ క్లాసులట. ఉన్న పిల్లలు పీరియడ్ లేక, రేపటి పిల్లలు గ్రౌండు లేక ఆడకపోతే వాళ్ల తాళ్లు ఎప్పుడు పేనుకోవాలి? యాభై ఏళ్లకు జిమ్‌లో చేరితే ఒప్పుకునే తాడు కాదది. నా వంతు డబ్బు రాసిస్తాను. పాత పెంకుల గదుల స్థానంలో మేడ వేసి, పై అంతస్తులో హాలు కట్టండి. నక్షా, లెక్కలూ ఉచితంగా చేసిపెడతాను. సర్వసభ్య సమావేశంలో వేరేగా నిర్ణయిస్తే దానికీ కట్టుబడతాను, కానీ నా ఓటు ఎటో ఇప్పుడే చెబుతున్నాను.

మాస్టారూ, మోకు కొల్లాజన్, ట్యూబు స్థితిస్థాపక తంతువు, వల జాలక తంతువు. ఈసారి పేర్లు తారుమారు కాలేదనుకుంటాను. మిగతా పద్దెనిమిది మార్కులు మీ దయ.

రేపు ఉదయం ఆరున్నరకు పూర్వ విద్యార్థులకూ ఇప్పటి పదో తరగతికీ వాలీబాల్ పోటీ ఉంది. మాస్టారు విజిల్ ఊదుతానని ఒప్పుకున్నారు. నేను స్కోరు రాస్తాను. నలభై దాటి ఆడదలచినవాళ్లు ఆరు గంటలకే రండి. రెండు చుట్లు నడిచి, గోడకు చేతులానించి పిక్కలు సాగదీసుకున్నాకే నెట్ దగ్గరికి పంపిస్తాను.